ఓడమామ మీద నా కుళ్లు

ఆయన చనిపోయిన వార్త నాకంటే ముందు నా బిడ్డకు తెలిసింది. ఈ సంగతి మొదటే కక్కేస్తే తప్ప మిగతాది రాయడానికి నాకు చెయ్యి ఆడదు. సౌదీలోని జుబైల్ క్యాంపులో నా పక్క మంచం మీద రెండేళ్లు పడుకున్న మనిషి కడప జిల్లాలోని తన ఊళ్లో కన్నుమూస్తే, ఆ కబురు మెట్‌పల్లి దగ్గరి మా ఊళ్లో ఇంటర్ చదువుతున్న నా కూతురికి చేరింది. అక్కడి నుంచి సముద్రం దాటి నాకు వచ్చింది. మొన్న మంగళవారం అన్నం తినే వేళకు ఫోన్ మోగింది. "బాపూ, ఓడమామ చనిపోయిండట" అన్నది. నా నోట్లోంచి ముందు వచ్చిన మాట "అయ్యో" కాదు.

"నీకెవరు చెప్పిన్రు?" అని అడిగాను.

ఆయన కొడుకు చెప్పాడట. తండ్రి ఫోన్‌లో 'ఓడ పాప' అని రాసి ఉన్న నంబరు చూసి, ఎవరో కావలసినవాళ్లే అయి ఉంటారని ఫోన్ చేశాడట. నా నంబరు అందులో ఉందో లేదో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గనిపించి మింగేశాను. ఎనిమిదేళ్లయింది, యాభై దాటబోతున్నాను, ఇంకా ఆ మనిషి మీద నా కుళ్లు చావలేదు. ఆయనే చచ్చిపోయాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. వారం వారం కథగా చెప్పిన ఓడ పేరు ఆయన మాకు ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఆయన పేరు నేనూ చెప్పను, లెక్క సరి.

మేమిద్దరం రిగ్గర్లం. ప్లాంటును మరమ్మతు కోసం ఆపినప్పుడు టన్నుల కొద్దీ ఇనుమును గొలుసులతో, తాళ్లతో, కప్పీలతో కిందికి దించి మళ్లీ పైకెక్కించే పని మాది. ఆయన మా కంపెనీలో చేరేనాటికి నడుము దెబ్బతిని ఉంది. అందుకని పైకెక్కే పనికి పంపకుండా తాళ్లూ గొలుసులూ ఉండే స్టోరు అప్పజెప్పారు. మనిషి సన్నం. భుజం మీద తాడు చుట్ట లేకపోతే ఒకవైపుకు ఒరిగినట్టు కనబడేవాడు. గడ్డానికి గోరింటాకు పెట్టేవాడు, మూడు వారాలకు అది సగం ఎరుపు సగం తెలుపు అయ్యేది. కళ్లజోడు నైలాన్ దారంతో మెడకు వేలాడేది. స్టోరుకు కొత్త తాడు వస్తే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఆ తర్వాతే కాగితం మీద సంతకం పెట్టేవాడు. నేల మీద తాడు పడి ఉంటే దాన్ని దాటేవాడు కాదు, చుట్టూ తిరిగి పోయేవాడు. మాలో ఎవరైనా దాటితే, "జరుగప్పా, రేపు దానికే గదా మన పాణం యాలాడేది" అనేవాడు. ఒకసారి అది ఫోర్‌మన్‌తో కూడా అన్నాడు. ఫోర్‌మన్ నిజంగానే జరిగాడు. నేనైతే అదే మాటకు తిట్లు తినేవాణ్ని.

ఆయన రాకముందు మా గదిలో శుక్రవారం నాది. నలుగురం ఉండేవాళ్లం. మటన్ నేను వండేవాణ్ని. వండుతూ వండుతూ ఫోర్‌మన్ నడకను, ఇంజనీరు హిందీని దించేస్తే పక్క గదులవాళ్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడి పగలబడి నవ్వేవాళ్లు. మూడేళ్లుగా అదే నా పెద్దరికం. ఆయన వచ్చిన మూడో శుక్రవారం, నమాజు నుంచి వచ్చి, అన్నం తిని, చేతులు తుడుచుకుని, మంచం కింది ట్రంకుపెట్టెలోంచి తాడు కట్టిన ఒక పాత పుస్తకం తీశాడు. ఆ రోజు నుంచి నా మటన్ తిని ఆయన కథ వినడం మొదలుపెట్టారు. వండింది ఎవరో కూడా మరిచిపోయేవాళ్లు.

ఆ పుస్తకం ఓ తెల్ల ఇంజనీరుది. ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద దేశం విడిచి వెళ్లిపోతూ, సామాను మోయడానికి వచ్చినవాళ్లకు పెట్టెడు పుస్తకాలు ఇచ్చి పారేయమన్నాడట. మనవాడు అందులో ఇదొక్కటి తెచ్చుకున్నాడు. చదివింది పదో తరగతి. ఒక్కో మాట కింద పెన్సిలుతో గీత గీసుకుంటూ, అర్థం కానిది ఫోన్‌లో వెతుక్కుంటూ, నాలుగేళ్లు చదివాడు. రెండువందల ఏళ్ల కిందటి ఒక యుద్ధనౌక చరిత్ర అది. ఫ్రిగేట్ అంటారట. మూడు తెరచాప కొయ్యలు, ఒకే అంతస్తులో వరసగా ఫిరంగులు, పెద్ద యుద్ధనౌకల కంటే చిన్నది, వాటికంటే వేగం ఎక్కువ. బొంబాయిలో మన టేకుతో, మన వడ్రంగులు కట్టారు. వర్తక ఓడలకు కాపలా పోయింది, ఉత్తరాలు మోసింది, ఇదిగో మా జుబైల్ ముందున్న ఈ సముద్రంలో కూడా తిరిగింది. పుట్టి పెరిగిన ఊళ్లో బిందెలో తప్ప నీళ్లు చూడని మనిషి, సౌదీకి వచ్చేదాకా సముద్రం ఎట్లా ఉంటుందో తెలియని మనిషి, ఆ ఓడ గురించి మాట్లాడితే దాని మీద నుంచి నిన్న సాయంత్రమే దిగినట్టు ఉండేది.

పేరేమిటని అడిగితే "మన ఓడ" అనేవాడు. గట్టిగా అడిగితే, "పేరు చెప్తే ఫోన్లో కొట్టి ఆఖర్న ఏమైందో సూసేస్తారు, ఇంగ నాకాడ ఏముంటాది?" అని నవ్వేవాడు.

కథ చెప్పడంలోనూ ఆయన పద్ధతి స్టోరు పద్ధతే. మా దగ్గర ప్రతి చైన్ బ్లాకుకు, అంటే గొలుసుతో బరువెత్తే కప్పీకి, ఒక కార్డు ఉంటుంది. ఎప్పుడు వచ్చింది, ఎక్కడ పనిచేసింది, ఏం విరిగింది, ఏం మార్చారు, ఎవరు మార్చారు, అన్నీ అందులో రాయాలి. అట్లాంటి ఖాళీ కార్డుల మీద ఆయన ఓడ చరిత్ర రాసుకున్నాడు. ఏ రేవులో ఏ కొయ్య మార్చారు, కట్టెను పురుగు తినకుండా అడుగున ఎన్నిసార్లు రాగి రేకులు కొట్టారు, ఓడపురుగు ఎక్కడ తిన్నది, తాళ్లకు తారు ఎవరు పూశారు. కెప్టెన్ల పేర్లు ఆయన నోట్లో వారానికొకటి మారేవి, వడ్రంగుల సంగతి మాత్రం తప్పేది కాదు. మా గదిలో ఒకాయన యుద్ధం గురించి చెప్పమని పోరితే, "యుద్ధం ముప్పావుగంటప్పా. దాని ఎనక మరమ్మతు మూన్నెల్లు. ఏది పెద్ద కత?" అన్నాడు. మేం అందరం మరమ్మతు మనుషులమే.

ఇంతవరకూ అయితే ఓర్చుకునేవాణ్నే. గదిలో పెద్దరికం పోతే పోయింది. నా కడుపు మండింది ఫోన్ దగ్గర.

శుక్రవారం మాకు మధ్యాహ్నం రెండున్నర అయితే ఇంటి దగ్గర ఐదు. అప్పుడు నా బిడ్డ బడి నుంచి వచ్చి ఉండేది. నాలుగో తరగతి. నేను వీడియో కాల్ చేసి, తిన్నవా, మంచిగ చదువుతున్నవా, అమ్మను సతాయిస్తున్నవా అని మూడు ప్రశ్నలు అడిగేవాణ్ని. తను మూడు సార్లు ఊ అనేది. ఆ తర్వాత ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చునేవాళ్లం. అమ్మకిచ్చెయ్యి అనేవాణ్ని. రెండేళ్లకోసారి నెల రోజులు ఇంటికి వచ్చే మనిషికి ఆ వయసు పిల్లతో ఏం మాట్లాడాలో ఎట్లా తెలుస్తుంది?

ఒక శుక్రవారం అట్లాగే కాల్ చేసి ఫోన్‌ను కుక్కర్‌కు ఆనించి పెట్టాను. గదిలో అవతలి పక్క ఆయన తన కథలోని ఓడకు కొత్త తెరచాప కొయ్య ఎక్కిస్తున్నాడు. తుపానులో పెద్ద కొయ్య విరిగింది, చేరిన దీవిలో ఇప్పటిలాంటి క్రేన్లు లేవు, అంత బరువు ఎట్లా ఎత్తాలి? చీపురు కర్ర, నేల తుడిచే కర్ర తెచ్చి, రెంటినీ పై కొసల దగ్గర బూటు లేసుతో కట్టి, కింది కాళ్లు ఎడంగా నిలబెట్టాడు. మధ్యలోంచి ఇంకో లేసు వేలాడదీసి, దాంతో నా టూత్‌బ్రష్‌ను మెల్లగా పైకి లేపి, గ్లాసులోకి దించాడు. ఫోన్‌లోంచి నా బిడ్డ గొంతు వినిపించింది. "కింద కాళ్లు జారిపోతయి గద మామా?" అన్నది. గది మొత్తం వెనక్కి తిరిగి చూసింది. ఆయన ఫోన్ దగ్గరికి వచ్చి, కళ్లజోడు సర్దుకుని, "బలే అడిగినావు పాపా. జారకుండా ఏం చేసినారో నువ్వే చెప్పు చూద్దాం" అన్నాడు.

నా బిడ్డ ఆ రోజు అరగంట మాట్లాడింది. నాతో కాదు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఫోన్ ఎత్తగానే మొదటి మాట, "బాపూ, మామ ఉన్నడా?" ఓడమామ అని పేరు కూడా తనే పెట్టింది. నా ఫోన్, నా రీచార్జి, నా బిడ్డ. కాల్ సాగినంతసేపూ ఆ మనిషి మొహానికి ఎదురుగా ఫోన్ పట్టుకుని కూర్చోవడం మాత్రమే నా పని. చెయ్యి నొప్పి పుడితే తను అటునుంచి, "కదపకు బాపూ, కొయ్య కనిపిస్తలేదు" అని గదిమేది.

ఒకసారి ఉండబట్టలేక మధ్యలో దూరాను. ఆయన టేకు నరికి ఓడ కట్టారని చెబుతున్నాడు. మా నాయన వడ్రంగి, ఆ ఒక్క విషయంలో నన్ను మించినవాడు ఆ గదిలో లేడు. "నరికిన పచ్చి టేకు ఎవరన్న వాడుతరా భాయ్? చెట్టు నిలబడి ఉండంగనే మొదట్ల చుట్టూ గాటు పెట్టాలె. రెండేండ్లు నిలబడే ఎండాలె. అప్పుడు కొట్టాలె" అన్నాను. ఓడిపోతాడని చూశాను. ఆయన మొహం వెలిగింది. పెన్సిల్ తీసి, గాటు ఎంత లోతు, ఏ నెలలో పెట్టాలి, ఎండిందని ఎట్లా తెలుస్తుంది అని అడిగి అడిగి కార్డు మీద రాసుకున్నాడు. తర్వాతి శుక్రవారం అదంతా నా బిడ్డకు చెప్పి, "ఇది మీ నాయన చెప్పినాడు పాపా, పుస్తకంలో లేదు" అన్నాడు. నా బిడ్డ "అవునా!" అన్నది. ఆ ఆశ్చర్యం నాకు ముల్లులా గుచ్చుకుంది. నా సంగతి నా బిడ్డకు ఇంకొకడు చెప్పాలా? ఎత్తుకుపోతే దొంగ అని తిట్టొచ్చు. పేరు పెట్టి మరీ తిరిగి ఇచ్చేవాణ్ని ఏమని తిట్టాలి?

ఇంకో అలవాటు చెప్పాలి, ఎందుకంటే ఇది ఆ రోజుల్లో నాకు అర్థం కాలేదు. పాడైపోయిన చైన్ బ్లాకు కార్డు మీద చివరి గీతలో 'రద్దు' అని రాసి సంతకం పెట్టాలి. స్టోరు మనిషి రాస్తే చాలు. ఆయన రాసేవాడు కాదు. ఆ చైన్ బ్లాకుతో ఎక్కువకాలం పనిచేసిన రిగ్గర్ ఎవరో కార్డు చూసి కనుక్కుని, అతన్ని పిలిపించి, చేతిలో పెన్ను పెట్టేవాడు. అతను బంగ్లాదేశీ అయినా, పాకిస్తానీ అయినా సరే, వచ్చి రాయాల్సిందే. రాయడం రానివాడైతే గీత గీసేవాడు. నన్నూ ఒకసారి పిలిచాడు. పని వదిలి రావాల్సి వచ్చినందుకు నేను సణిగితే, "కష్టం జేసినోడే ఆఖరి గీత గియ్యాలప్పా. నేను ఊరికే కాపలాగాణ్ని" అన్నాడు. పిచ్చి ముదిరిందనుకున్నాను.

ఆ ఎండాకాలంలో రెండు సంగతులు జరిగాయి. మా ఆవిడ ఫోన్‌లో నవ్వుతూ, నీ బిడ్డ 'యాడికి పోతాండావు' అని మాట్లాడుతుంది, కడప పిల్ల అయింది అని చెప్పింది. ఆవిడకు అది నవ్వులాట. నాకు కాదు. ఆ వారమే నా బిడ్డ ఓడ బొమ్మ గీసి ఫొటో పంపింది. మూడు కొయ్యలు, నీలం రంగు సముద్రం, పైన ఎర్రగడ్డం మనిషి తాడు పట్టుకుని నిలబడ్డాడు. నేను చాలాసేపు వెతికి, "ఇండ్ల నేనెక్కడున్న?" అని అడిగాను.

"నువ్వు బొమ్మను చూస్తున్నవ్ గద బాపూ" అన్నది.

తప్పుగా ఏమీ అనలేదు పిల్ల. ఉన్నమాటే అన్నది. ఆ తర్వాతి శుక్రవారం ఆయన నమాజుకు పోయినప్పుడు, గదిలో ఎవరూ లేనప్పుడు, నేను ఆయన ట్రంకుపెట్టె బయటికి లాగాను. తాళం లేదు, ఆయన ఎప్పుడూ వేయలేదు. పుస్తకానికి కట్టిన తాడు విప్పి, చివరి పేజీ ఫొటో తీసుకుని, మళ్లీ కట్టి, పెట్టె లోపలికి తోసేశాను. పదేళ్లుగా గల్ఫులో ఉన్నాను, పక్కవాడి సబ్బు కూడా ముట్టలేదు. పాయిఖానాలో కూర్చుని ఆ ఇంగ్లీషును ఫోన్‌లో తెలుగు చేయించాను. నాలుగే వాక్యాలు. ముసలిదైపోయిందని ఓడ కొయ్యలు పీకేశారు. రేవులో సరుకుల గోదాముగా కట్టేశారు. చివరికి ఓడలు విప్పేవాళ్లకు అమ్మేశారు. రాగి ఒలిచి, కట్టెను వేలంలో పెట్టారు.

రెండున్నరకు ఫోన్ కలిపాను. "మామ ఉన్నడా?" అన్నది. ఆయన అప్పటికే చేతులు తుడుచుకుంటున్నాడు. నేను ఫోన్ ఆయనవైపు తిప్పలేదు. "ఇయ్యాల కథ నేను చెప్త" అని, ఆ నాలుగు వాక్యాలు గబగబా చెప్పేశాను. నా బిడ్డ అబద్ధమన్నది. మామకియ్యి అన్నది. ఇచ్చాను. నిజమేనా అని అడిగింది. ఆయన ఫోన్ వైపు కాకుండా నా వైపు చూశాడు.

"నిజమే పాపా. మీ నాయన అబద్ధం చెప్పడు" అన్నాడు.

కాల్ కట్ అయింది. ఎవరి మంచం మీదికి వాళ్లు వెళ్లిపోయారు. ఆయన పెట్టె తెరిచి పుస్తకం తీసి, ముడి చూశాడు. అంతే, ఆయనకు తెలిసిపోయింది నేను చేసిన పని. నాది ఎడమచేతి వాటం. మేమిద్దరం రోజూ వేసే ముడి ఒకటే అయినా, నా ముడిలో కొస అటునుంచి ఇటు వస్తుంది, ఆయనదాంట్లో ఇటునుంచి అటు పోతుంది. మామూలు మనుషులైతే పట్టుకోలేరు. రిగ్గర్‌కు అది చేవ్రాలు. గదిలో ఎడమచేతి వాటం మనిషిని నేనొక్కణ్నే. ఆయన నా ముడిని కాసేపు చూసి, మెల్లగా విప్పి, తన ముడి వేసుకుని, పెట్టె మూసేశాడు. తిట్టి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేది!

తర్వాతి శుక్రవారం నా బిడ్డ ఫోన్ దగ్గరికి రాలేదు. కడుపునొప్పి అని చెప్పించింది. ఆ పై వారం హోంవర్క్. ఆ పై వారం ఏ సాకూ లేదు, రానంటుందని మా ఆవిడ చెప్పింది. ఆయన దగ్గర నుంచి లాక్కుందామనుకున్నాను, నా దగ్గర ఉన్న ఆ మూడు 'ఊ'లు కూడా పోయాయి. గదిలో మళ్లీ శుక్రవారం నాకు దక్కింది. ఫోర్‌మన్ నడక నడిచి చూపించాను. ఒకాయన మొహమాటానికి నవ్వాడు.

ఆ నెలలోనే ఆయన్ని కంపెనీ హఫర్ అల్ బాతిన్‌లో కొత్త పనికి పంపింది. బస్సు ఎక్కే ముందు గదిలోకి వచ్చి, పుస్తకం, కార్డుల కట్ట, చెక్కిన పెన్సిలు నా మంచం మీద పెట్టాడు. చివరి కార్డులో చివరి గీత ఖాళీగా ఉంది. "ఇది నువ్వే గియ్యాలప్పా. ఈ ఓడ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు" అన్నాడు. ఎగతాళి అనుకున్నాను. నా దొంగతనాన్ని మొహాన కొట్టి పోతున్నాడనుకున్నాను. చెయ్యి కూడా కలపలేదు. ఆ కట్టను మంచం కిందికి విసిరేశాను.

ఆ శుక్రవారం నా బిడ్డ ఫోన్ దగ్గరికి వచ్చింది. తనంతట తనే వచ్చింది. పలకరింపు లేదు, ఏమీ లేదు. "బాపూ, ఆ ఓడ కట్టెలు ఎవరు కొనుక్కున్నరు?" అన్నది. నాకేం తెలుసు అన్నాను. సరే అని ఫోన్ అమ్మకిచ్చింది. పై వారం మళ్లీ అదే ప్రశ్న. విసుక్కున్నాను. మూడో వారం మళ్లీ అడిగింది. ఏం చెప్పాలో తోచక, "మా నాయన గుడ పాతిండ్ల కట్టె కొనుక్కొచ్చేటోడు" అన్నాను. ఎందుకు అన్నది.

ఎందుకో చెప్పాను. వందేళ్లనాటి టేకును చిత్రిక పడితే కొత్తదానిలాగే నూనె వాసన వస్తుందని, పాత మేకుల బెజ్జాల చుట్టూ నల్లటి మచ్చలుంటాయని, మా నాయన ఆ బెజ్జాలు చూసి ఆ కట్టె ఇంతకుముందు ఏమై ఉండేదో చెప్పేవాడని. మరి ఓడ కట్టె ఏమైంది అన్నది. పుస్తకంలో లేదు. అప్పుడు నేనే చేశాను. ఒక దూలాన్ని ఒక రొట్టెలవాడు కొని దుకాణానికి దర్వాజ చేయించుకున్నాడు. వాన పడ్డ రోజు ఆ దర్వాజ దగ్గర ఉప్పు వాసన వచ్చేది. ఒక పలక బడిలో బల్ల అయింది. ఒకటి సాలెవాళ్ల మగ్గానికి పోయింది. ఒకటి మంచం కోళ్లయింది, ఆ మంచం మీద పడుకున్న ముసలమ్మకు రాత్రంతా ఊగుతున్నట్టు ఉండేది. ఒక్కో కట్టెను ఎట్లా కోశారో, ఏ ఉలితో తొలిచారో, నాకు చెయ్యి తిరిగిన సంగతే కాబట్టి తడుముకోకుండా వచ్చేది. "ఇంకెన్ని కట్టెలున్నయి బాపూ?" అని అడిగేది. చాలా ఉన్నయి బిడ్డా, పెద్ద ఓడ గద అనేవాణ్ని. మంచం కింద నుంచి పుస్తకం తీసి దుమ్ము దులిపాను.

ఎనిమిదేళ్లు చెప్పాను. నా బిడ్డ ఎనిమిదేళ్లు అడిగింది. పెద్దపిల్లయింది, ఫ్రెండ్సు ఉన్నారు, పరీక్షలున్నాయి, అయినా శుక్రవారం మాత్రం ఒక కట్టె సంగతి అడక్కుండా ఫోన్ పెట్టలేదు. గెలిచాననుకున్నాను. గడ్డం మనిషి దగ్గర నుంచి నా బిడ్డను నేనే, నా సొంత నోటితో, వెనక్కి తెచ్చుకున్నానని లోపల లోపల ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఒకసారి రంజానుకు ఆయన హఫర్ నుంచి ఫోన్ చేస్తే ఆ గొప్ప ఆయనకే చెప్పుకున్నాను. ఇప్పుడు కథ నేను చెప్తున్న భాయ్, నీ ఓడ కంటే నా కట్టెలే ఎక్కువ నచ్చినయి బిడ్డకు అన్నాను. "అట్లనా అప్పా? ఏదీ, ఒగటి నాగ్గూడా చెప్పు" అన్నాడు. బడి బల్ల సంగతి చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాకుండా విన్నాడు. బాగుండాది, శానా బాగుండాది అన్నాడు. ఫోన్ పెట్టేసి, దెబ్బ కొట్టాననుకుని ఆ రోజు రెండు గ్లాసుల చాయ్ ఎక్కువ తాగాను.

మొన్న మంగళవారానికి వస్తాను. ఎవరు చెప్పారని నేను అడిగాక, నా బిడ్డ ఆయన కొడుకు సంగతి చెప్పింది. నీకొకటి పంపుతున్న, విను అని ఫోన్ పెట్టేసింది. ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పాతది. అప్పట్లో కాల్‌లో తనే ఆయనకు చెప్పిన మా ఆవిడ నంబరుకు వచ్చిందట, ఆ ఫోన్ నుంచి తన ఫోన్‌కు, అందులోంచి ఇంకో ఫోన్‌కు మార్చుకుంటూ దాచుకుందట. నేను పైపుల నీడలో, హెల్మెట్ తీసి పక్కన పెట్టుకుని విన్నాను. వెనకాల బస్సు ఇంజను చప్పుడు ఉంది. ఆయన హఫర్ అల్ బాతిన్‌కు పోతూ మాట్లాడింది.

"పాపా, మీ నాయన చెప్పింది నిజమేమ్మా. ఓడను ఇప్పేసినారు. నాకాడ ఉండే కత ఆడికే అయిపోయె. ఇంగ ఆ కొయ్యలు ఏమైనాయి, ఎవురింటికి పోయినాయి, అది నాకు తెల్దు. మీ నాయనకు తెలుసు. వడ్రంగోళ్ల బిడ్డ గదా, కొయ్య సంగతి ఆయప్పకు తెలిసినట్ల నాకేం తెలుసు? ఆయన్నే అడుగు. ఒకసారి అడిగితే చెప్పడు, కోపిష్టి మనిషి. రెండు మూడు తూర్లు అడగాల. అడుగుతానే ఉండు పాపా, మానుకోవద్దు."

రెండోసారి విన్నాను. మూడోసారి వినలేకపోయాను. గెలిచాననుకున్న ఎనిమిదేళ్లూ ఆ మనిషి నా చేతిలో పెట్టిపోయినవే. దానికి ఆయన నా దగ్గర ఒక మంచి మాట కూడా తీసుకోలేదు. ఫోన్ చేసి అంత గొప్పలు పోయాను, ఏదీ ఒకటి చెప్పమన్నాడే తప్ప, నేనే అడగమన్నానప్పా అని నోరు జారలేదు. అంత మంచితనం ఒక మనిషికి ఎందుకు? కొంచెం నాకిస్తే ఏం పోయేది?

పని మళ్లీ మొదలయ్యే లోపు నా బిడ్డకు ఫోన్ చేశాను. అడగాల్సింది ఒకటే ఉంది. "అయితే ఇన్నేండ్లు నువ్వు..." అని మొదలుపెట్టి ఆపేశాను. తనకే అర్థమైంది.

"మొదట్ల ఆయన అడుగుమన్నడని అడిగిన బాపూ" అన్నది. "రొట్టెలాయన దర్వాజ దాకనే అది. తర్వాత నాకే వినబుద్ధయింది."

నేను గ్లోవుతోనే ముక్కు తుడుచుకున్నాను. ఆ చప్పుడు అటు వినబడినట్టుంది.

"బాపూ, ఏడుస్తున్నవా?"

"లేదు బిడ్డా. కుళ్లుకుంటున్న."